దురాయి పెట్టిన రాళ్ళ చోటు: మత్స్యకార సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులకు, కాపులకు (మన కుల పెద్దలకు), ఊరి పెద్దలకు నమస్కారం.

నిరుడు ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా సంఘం చేసిన పనులు, చేయలేకపోయిన పనులు రాస్తున్నాను. లెక్కల కాగితం ఆఫీసు గోడకు అంటించాం. చదవడం రానివాళ్ళు కోశాధికారిని అడిగితే చదివి చెబుతాడు, మొహమాటపడొద్దు. ఈసారి నివేదికలో సముద్రం అడుగు గురించే ఎక్కువ ఉంటుంది. ఏడాదంతా మనం గొంతులు చించుకుంది దాని మీదే కదా.

ముందు వేట విరామం. ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగిసింది, 61 రోజులు. 2015కి ముందు 47 రోజులే ఉండేదని పెద్దలకు గుర్తుంటుంది. మన ఇంజన్ బోట్లన్నీ ఒడ్డెక్కాయి. వలలు బాగుచేసుకున్నాం, ఇంజన్లు విప్పుకున్నాం, పేకాట కూడా బాగానే సాగింది. విరామానికి ప్రభుత్వం ఇచ్చే భృతి పది వేల నుంచి 20,000 రూపాయలకు పెరిగింది. కొందరి డబ్బు ఆధార్ లింకు దగ్గర ఆగిపోతే బ్యాంకు చుట్టూ తిరిగి వేయించాం. వేటకు వెళ్ళేవాళ్ళకే ఆ భృతి. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మే ఆడవాళ్ళకు ఆ రెండు నెలలూ సరుకూ లేదు, డబ్బూ లేదు. దీని మీద అర్జీ ఇచ్చాం, జవాబు రాలేదు.

ఇక అసలు సంగతి. నిషేధం ఎత్తేశాక, జూలైలో, మన కుర్రాళ్ళ బోటు అడుగు వలలో, అంటే సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వలలో, ఒక కొమ్మ చిక్కింది. మూరెడు పొడవు, విసనకర్రలా పరుచుకుని, ఎర్రగా ఉంది. ఎండుకొమ్మ అనుకుని విరవబోతే దాని సందుల్లోంచి గోరంత పీత ఒకటి, సన్నటి ఐదు కాళ్ళ నక్షత్రాలు నాలుగైదు పాకుతూ బయటపడ్డాయి. టీవీ పక్కన పెట్టుకుంటానని ఒకడు సంచిలో వేశాడు. ఒడ్డుకొచ్చాక పెద్దాయన ఒకరు చూసి, "ఇది చెట్టు కాదురా అబ్బయ్యా, జీవి. నేను గాలం వేసే రోజుల్లో ఆ రాళ్ళ కాడ ఇవి తోపులాగా ఉండేవి" అన్నారు. సముద్రపు విసనకర్ర అంటారు దాన్ని. పగడాల చుట్టం. 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, ఇంట్లో పెట్టుకుంటే కేసే. సంచిలోంచి తీసి నీళ్ళలో వదిలేశారు. అప్పటికే దాని పని అయిపోయిందనుకోండి.

ఆ పెద్దాయన మాట మీద మూడు సమావేశాలు నడిచాయి. తేలిందేమిటంటే, రొయ్యకు, కవళ్ళ లాంటి చేపలకు రెండు నెలల విరామం పనికొస్తుంది. గుడ్లు పెట్టుకుంటాయి, పిల్లలు తొందరగా ఎదుగుతాయి. ఈ కొమ్మలు, రాళ్ళకు అతుక్కుని పెరిగే స్పాంజీలు అలా కాదు. చాలా రకాలు ఏడాదికి వేలి మందం కూడా పెరగవు. పది నెలలు ట్రాల్ వల ఈడ్చి రెండు నెలలు ఆపితే వాటికి ఒరిగేదేమీ లేదు. ట్రాల్ వల నోరు తెరిచి ఉంచడానికి రెండు పక్కలా బరువైన పలకలుంటాయి, అవి బురదను నాగలిలా దున్నుకుంటూ పోతాయి. వల కింది అంచుకు కట్టిన గొలుసు అడ్డమొచ్చిన దాన్నల్లా పీకేస్తుంది. కొమ్మలు పోయాక వాటి నీడన తిరిగే చేప ఎందుకుంటుంది?

కాబట్టి మూయాల్సింది కాలాన్ని ఒక్కదాన్నే కాదు, చోటును కూడా. ఇది మన బుర్రలో పుట్టిన మాటేమీ కాదు. నార్వేలో రోస్ట్ దగ్గర ముప్పై కిలోమీటర్లకు పైగా పొడవున్న చన్నీటి పగడాల దిబ్బ 2002లో బయటపడితే, మరుసటి ఏడాదే అక్కడ ట్రాలింగ్ ఆపేశారు. యూరప్ వాళ్ళు 2022లో 400 మీటర్ల కంటే లోతైన నీళ్ళలో 87 చోట్ల అడుగు వేట మూసేశారు. ట్రాల్‌తో పాటు అడుగున వేసే గాలాల తాళ్ళను కూడా ఆపారని స్పెయిన్ కోర్టుకెక్కింది. ఈ సంగతి చదివినప్పుడు మన గాలం వాళ్ళు ఒకటే గోల. వాళ్ళ భయం న్యాయమైందే. ట్రాల్‌నూ గాలాన్నీ ఒకే గాట కట్టకూడదన్నది సంఘం మాట.

అక్కడి నుంచి మనకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ఈశాన్య అట్లాంటిక్‌లో ఒక వలకు 30 కిలోలకు మించి బతికున్న పగడం పడితే బోటు ఆ చోటు వదిలి 2 నాటికల్ మైళ్ళు పక్కకు జరగాలి, సంగతి పైకి తెలపాలి. మన స్థాయికి కుదించి, కాపుల సమక్షంలో దురాయి, అంటే ఊరి కట్టుబాటు, పెట్టాం. కొమ్మ గానీ స్పాంజీ గానీ వలలో వస్తే జీపీఎస్ గుర్తు రాసుకోవాలి, ఆ ఏడాది అక్కడ అడుగు వల వేయకూడదు. రాళ్ళ చోటు మీద గాలం ఒక్కటే. తప్పితే తప్పు కట్టాలి.

మొదట తప్పు కట్టింది మా బామ్మర్దే. నాలుగు రోజులు మా ఇంట్లో నాకు టీ కూడా దొరకలేదు.

గుర్తులు రాసిన పుస్తకం మీద పెద్ద తగాదా అయింది. గుర్తులు మత్స్యశాఖకు ఇస్తేనే ఆ చోటుకు ప్రభుత్వ రక్షణ అడగగలం. ఇస్తే అవి బయటి బోట్ల చేతికి పోతాయని సగం మంది భయం. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని ఆంధ్రప్రదేశ్ 1994 సముద్ర వేట చట్టం కిందే ఉంది. అయినా పక్క రాష్ట్రం బోట్లు రాత్రిపూట లైట్లార్పి వచ్చి మన వలలు కోసుకుపోతున్నాయి. ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బోటు వచ్చేసరికి తెల్లారుతుంది. చివరికి చోటు పేరు చెప్పి, గుర్తులు చెప్పకుండా అర్జీ రాశాం. నా వరకు ఇది సగం పని. ఎక్కడ కాపలా కాయాలో చెప్పకుండా కాపలా కాయమంటే ఎవరు కాస్తారు?

ఇంకో మాట. కేంద్ర పథకం కింద తీరం వెంట సిమెంటు దిబ్బలు దించుతున్నారు, చేపలు గూడు కట్టుకోవడానికి. మంచిదే, మనమూ అడిగాం. కానీ దేవుడిచ్చిన రాళ్ళను ట్రాల్‌కు వదిలేసి సిమెంటు రాళ్ళు కొనుక్కోవడం నాకు మింగుడుపడలేదు.

మిగతావి క్లుప్తంగా. అక్టోబరులో మొంథా తుఫాను హెచ్చరిక రాగానే బోట్లన్నీ పైకి లాగించాం, ప్రాణనష్టం లేదు. గంగమ్మ జాతర ఖర్చు అనుకున్నదాన్ని దాటింది, ఎందుకు దాటిందో లెక్కల కాగితంలో ఉంది. ఐసు పెట్టెలకు పెట్టుకున్న దరఖాస్తు పెండింగులోనే ఉంది.

వచ్చే విరామంలో, ఏప్రిల్ 15 తర్వాత మొదటి ఆదివారం, గుర్తుల పుస్తకం ముందు పెట్టి మళ్ళీ కూర్చుందాం. ఇవ్వాలా వద్దా అన్నది ఆ రోజు చేతులెత్తి తేల్చాలి. గాలం వాళ్ళు తప్పక రండి, పోయినసారి మీరు రాకనే వాయిదా పడింది.

ఇట్లు,
కార్యదర్శి