అండం ప్రతి నెలా కొత్తగా తయారవదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో సంతానలేమి మీద వచ్చిన వ్యాసంలో "స్త్రీ శరీరం ప్రతి నెలా ఒక కొత్త అండాన్ని తయారు చేస్తుంది" అని రాశారు. అది తప్పండీ. ఒక్క వాక్యమే కదా అని ఊరుకుందామనుకున్నాను గానీ, జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునేదాన్ని, మనసొప్పలేదు.

ఆడపిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే కణవిభజన) మొదలుపెట్టి, మొదటి దశలోనే ఆగిపోతాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షల దాకా ఉంటాయి, వాటిలో జీవితం మొత్తం మీద విడుదలయ్యేవి 400 లేదా 500. అంటే 40 ఏళ్లప్పుడు విడుదలైన అండం అన్నేళ్లూ విభజన మధ్యలో ఆగి ఉన్నదే. నెలనెలా విడుదలవుతుంది అని రాసి ఉంటే సరిపోయేది.

అండాన్ని అలా ఆపి ఉంచేవీ కదిలించేవీ ప్రోటీన్ కైనేజ్‌లు. ఒక ఫాస్ఫేట్‌ను తీసుకెళ్లి వేరే ప్రోటీనుకు తగిలించడం వీటి పని, అది తగిలాక ఆ ప్రోటీను పని మొదలుపెడుతుంది, లేదా మానేస్తుంది. విభజనను నడిపే అసలు కైనేజ్ సీడీకే1, దానికి సైక్లిన్ బీ అనే ప్రోటీను తోడు కావాలి. ఆగి ఉన్న అండంలో వీ1 కుటుంబానికి చెందిన కైనేజ్‌లు సీడీకే1కి ఫాస్ఫేట్ తగిలించి కదలనివ్వవు. అండం విడుదలకు సంకేతమిచ్చే ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరిగాక సీడీసీ25 అనే ఎంజైము ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది, అప్పుడు విభజన ముందుకు సాగుతుంది.

చదువుకునే రోజుల్లో దీన్ని కప్ప అండంలో కళ్లారా చూశాను. మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది, పైసగం ముదురు గోధుమరంగు, కింద లేత పసుపు. ప్రొజెస్టెరాన్ హార్మోన్ కలిపిన ద్రావణంలో వేసి కొన్ని గంటలు కాచుకుని కూర్చుంటే, ఆ గోధుమరంగు సగం నడినెత్తిన తెల్లటి చుక్క ఒకటి తేలుతుంది, కేంద్రకం పొర కరిగిపోయి, ఆగిన విభజన మళ్లీ కదిలిందని, అంటే అండం పండుతోందని దానికి అర్థం. యోషియో మసుయి, క్లెమెంట్ మార్కర్ట్ అనే శాస్త్రవేత్తలు 1971లో అలా పండిన కప్ప అండం నుంచి కాస్త ద్రవం తీసి పండని అండంలోకి ఎక్కిస్తే అదీ పండింది. ఆ ద్రవంలో పనిచేసింది సీడీకే1, సైక్లిన్ బీ జంటేనని 1980ల చివర్లో తేలింది. కణచక్రం మీద పరిశోధనకు 2001లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు, అందులో మసుయి పేరు లేకపోవడం నాకిప్పటికీ బాధే.

ఇదంతా ల్యాబ్ గొడవ మాకెందుకు అనకండి. మా బంధువుల అమ్మాయికి "అండాలు పరిపక్వం కాలేదు" అని రిపోర్టు వస్తే, ఏదో తప్పు ఆమే చేసిందన్నట్టు ఇంట్లో అందరూ మాట్లాడారు, పాపం ఆ టెన్షన్‌లో నెలల తరబడి ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అండం ఆగిపోవడం, కదలడం ఎవరి చేతుల్లోనూ ఉండదు. శుక్రకణం లోపలికి వెళ్లినా అండం ముందుకు కదలని స్త్రీలు కొందరున్నారు. వీళ్లలో కొందరికి వీ2 అనే కైనేజ్ జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉన్నట్టు 2018లో బయటపడింది.

మీ వ్యాసంలో మగవాళ్ల ఊసే లేదు. అరోరా సీ అనే కైనేజ్ జన్యువు దెబ్బతిన్న మగవారిలో క్షయకరణ విభజన పూర్తికాక శుక్రకణాలకు పెద్ద తలలు, ఒకటికి మించి తోకలు వస్తాయి, క్రోమోజోములు కూడా ఎక్కువవుతాయి. 2007 నుంచీ తెలిసిన సంగతే ఇది. అలాంటి శుక్రకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించినా ఫలితం ఉండదు, అందుకే ముందే జన్యు పరీక్ష చేయిస్తే ఆ దంపతులకు పనికిరాని చికిత్స తప్పుతుంది. దీనికి భార్యను వేలెత్తి చూపడం ఎంత అన్యాయం!

వచ్చే వారం అదే పేజీలో ఆ వాక్యాన్ని సరిదిద్దండి. పక్కనే మగవారి పరీక్షల గురించి నాలుగు ముక్కలు రాయించండి, అదీ ఒక మూలన చిన్న అక్షరాల్లో కాకుండా, మొదటి వ్యాసం ఎంత పెద్దగా వేశారో అంత పెద్దగా.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు