గునుగు గింజ రాలనివ్వండి

సంపాదకులకు,

బతుకమ్మ పండుగొస్తే చాలు, గునుగు దొరకడం లేదన్న మాట ఊరూరా వినిపిస్తోంది. తంగేడును నరికినా మొదట్లోంచి చిగురిస్తుంది. గునుగు అలా కాదు, ఏడాది మొక్క. తొలకరికి మొలిచి, పూసి, గింజ రాల్చి, చలికాలంలో వేరుతో సహా ఎండిపోతుంది.

దీని శాస్త్రనామం సెలోసియా అర్జెంటియా, తోటకూర కుటుంబం. మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా నిటారుగా పెరుగుతుంది. మనం పువ్వనేది నిజానికి కంకి. అందులోంచి ఒక్క పువ్వును గోటితో విడదీసి చూడండి: పలుచని కాగితంలా మెరిసే ఐదు రేకులు, లోపల అడుగున గిన్నెలా కలిసిపోయిన ఐదు కేసరాలు. రేకులు పుట్టుకతోనే పొడిగా ఉంటాయి కాబట్టే తెంపిన మూడు నాలుగు రోజులకు కూడా గునుగు వాడినట్టు కనిపించదు. కాయ మూత ఊడినట్టు అడ్డంగా తెరుచుకుంటుంది. గింజలు నల్లగా నిగనిగలాడుతూ అచ్చం తోటకూర గింజల్లాగే ఉంటాయి.

కంకి కిందినుంచి పైకి పూస్తూ పోతుంది. కొన గులాబీ రంగులో ఉండగానే అడుగు తెల్లబడి గింజ ముదురుతుంది. పండుగకు కోసేది మాత్రం గింజ పట్టని లేత కంకులనే. అందుకే మొక్కను పీకొద్దు, కొడవలితో కాడ వరకే కోసి, మొక్కకు రెండు కంకులైనా వదలాలి. పత్తి, మొక్కజొన్న చేలలో గునుగు కలుపే, తీయక తప్పదు. గట్టు మీద పూత రాకముందే గడ్డిమందు కొట్టడమే అసలు నష్టం. గట్టుకు ఒక పక్క రెండు మూరలు కార్తీకం దాకా వదిలితే పంటకు పెద్ద ఇబ్బంది ఉండదు.

గునుగు పూర్తిగా పోయిన చోట మళ్లీ చల్లుకోవచ్చు. దుకాణంలో సెలోసియా అని అడిగితే ఇచ్చేది ఎక్కువగా సీతజడ వంటి తోట రకాలే, కాబట్టి గింజ గట్టు మీదే సేకరించాలి. పూర్తిగా తెల్లబడ్డ కంకిని బట్ట మీద దులిపి, పొట్టు చెరిగి, ఆరబెట్టి కాగితం సంచిలో దాచాలి. మంచి వాన పడ్డాక గుప్పెడు గింజకు నాలుగు గుప్పిళ్ల ఇసుక కలిపి పైపైన చల్లి, అరచేత్తో అదిమితే చాలు. ఆవగింజ కన్నా సన్నని గింజ, మట్టి మందంగా కప్పితే మొలక పైకి రాలేదు. నీళ్లు నిలిచే చోట చల్లితే వేరు కుళ్లిపోతుంది.

– ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు, సిద్దిపేట జిల్లా