ఒంగోలు గిత్తను మేపిన మనుషుల గురించి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఒంగోలులోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఎనభై దాటిన వాళ్ళు చెప్పే పాత సంగతులను వాళ్ళ గొంతుతోనే రికార్డు చేయించండి. ముఖ్యంగా రెండు సంగతులు. ఒకటి ఒంగోలు జాతి పశువుల పెంపకం. రెండోది ఏ.బి.ఎం. (అమెరికన్ బాప్టిస్ట్ మిషన్) కాంపౌండ్ చుట్టూ పెరిగిన జనం బతుకు. ఈ రెంటినీ వేరువేరు కథలుగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. నిజానికి రెండింట్లోనూ ఉన్నది చాలావరకు ఒకే మనుషులు.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఇదే అర్జీ పట్టుకుని ఇదివరకు ఒక ఆఫీసుకు వెళ్ళాను. "పశువుల సంగతైతే పశుసంవర్ధక శాఖ, చర్చి సంగతైతే మైనారిటీ సంక్షేమం, పాత సంగతులైతే పురావస్తు శాఖ. మీది ఏదో తేల్చుకుని రండి" అన్నారు. మర్యాదగానే అన్నారు, టీ కూడా ఇప్పించారు. మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరు. ఆయన చేతి మీద పెరిగిన కోడెలు పందేల్లో పేరు తెచ్చుకున్నాయి. మా నాయనమ్మ కాంపౌండ్ బోర్డింగులో ఉండి చదువుకుంది. నేను ఏ శాఖ కిందికి వస్తానో నాకూ అంతుబట్టలేదు. జిల్లాలో అన్ని శాఖలకూ పెద్ద మీరే కాబట్టి తేల్చే పని మీకే వదిలేస్తున్నాను.

ఒంగోలు గిత్త గొప్ప మీకు నేను చెప్పక్కర్లేదు. బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచే జాతి మనదే. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ జిల్లా పేరుతోనే మన పశువులు ఓడెక్కాయి. ఇవాళ ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఈ జాతివో, దీనితో సంకరం చేసినవో. వియాటినా-19 అనే అక్కడి నెలోర్ ఆవుకు 2023 వేలంలో కట్టిన ధర మన డబ్బుల్లో దాదాపు 40 కోట్లని పత్రికలు రాసినప్పుడు ఒంగోలులో దాని గురించి మాట్లాడుకోని టీ కొట్టు లేదు. 1960ల మొదట్లో ఇక్కణ్ణుంచి వెళ్ళిన కోడెల్లో ఒకదాని పేరు కర్వాడి. మన కరవది ఊరి పేరే అది. అక్కడి నెలోర్ పశువుల వంశావళి తిరగేస్తే ఆ పేరు మళ్ళీ మళ్ళీ తగులుతుంది. ఉబెరాబా అనే ఊళ్ళో మన దేశం నుంచి వెళ్ళిన పశువుల కోసం ఏకంగా మ్యూజియం పెట్టుకున్నారు.

కర్వాడిని కొని తీసుకెళ్ళిన పెద్దమనిషి పేరు టోరెస్ ఓమెమ్ రోడ్రిగెస్ డ కున్యా. అది చరిత్రలోకెక్కింది. ఆ కోడెకు ఇక్కడ ఉలవలు ఉడికించి పెట్టిందెవరు, చలికాలం గోనెపట్టా కప్పిందెవరు, ఓడ ఎక్కించడానికి తోలుకెళ్తుంటే పలుపు పట్టుకుని నడిచిందెవరు? ఆ పేర్లు నేను చూసిన ఏ రాతలోనూ లేవు. అప్పటికి పదిహేనేళ్ళున్న పశువుల కాపరి కుర్రాడికి ఇప్పుడు ఎనభై దగ్గరపడ్డాయి. మనం లెక్క చూసుకోవాల్సింది అక్కడ.

ఈ మధ్య అలాంటి ఒక పెద్దాయనను కలిశాను. ఊరి పేరు, మనిషి పేరు రాయను, ఆయన అడగలేదు కాబట్టి. జాతి పశువును ఎలా గుర్తుపడతారని అడిగాను. పుస్తకాల్లో ఉండే గుర్తులు నాకూ తెలుసు: నిండైన మోపురం, మడతలు పడే గంగడోలు, పొట్టి కొమ్ములు, కళ్ళచుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు, నల్లటి ముక్కు, తోక కుచ్చు నలుపు. ఆయన అవేవీ ఎత్తలేదు. అరుగు దిగి, పుల్లతో మట్టిలో గిట్టల గుర్తులు గీశాడు. "ముందుకాలు తీసినచోట వెనకకాలు పడాలి సారూ. ఇంకో బెత్తెడు ముందుకు పడిందా, ఇంకా మంచిది, అది బరువు లాగుద్ది. అడుగు వెనకబడిందనుకో, మోపురం ఎంతున్నా కొనబాకండి." తర్వాత పాలపళ్ళ కోడెను ఇసుకలో ఎలా నడిపించి కాళ్ళు గట్టిచేసేవాళ్ళో, రెండు పళ్ళు వేశాక కాడికి ఎలా అలవాటు చేసేవాళ్ళో, ఎక్కడ సుడి ఉంటే ఆసామి కొనకుండా వెనక్కొచ్చేవాడో చెప్పుకుంటూ పోయాడు. జనుము, పిల్లిపెసర మేత వేసిన పశువుకూ, వట్టి చొప్ప తిన్న పశువుకూ తేడా పేడ చూసి చెప్పొచ్చట. పొగాకు వచ్చాక మేత వేసే చేలు తగ్గాయని, ట్రాక్టరు వచ్చాక ఎద్దులే తగ్గాయని అన్నాడు. అన్నాక కాసేపు పొగాకు రేట్ల మీదికి మళ్ళాడు, అది వేరే భారతం.

ఆయన మేపిన జత బండలాగుడు పందెంలో గెలిచినప్పటి ఫొటో ఆసామి ఇంట్లో గోడకు వేలాడుతోంది. తీసుకెళ్ళి చూపించాడు. ఫొటోలో పలుపు పట్టుకుని నిలబడ్డది ఆసామి. ఒక అంచున ఎవరిదో సగం భుజం, తలగుడ్డ కొస పడ్డాయి. "అద్గదే నేను" అన్నాడు వేలు పెట్టి. ఆసామి మనవడు మంచి పిల్లవాడు, మా ఇద్దరికీ కుర్చీలు వేశాడు. పెద్దాయన మాత్రం కుర్చీలో కూర్చోలేదు.

కలెక్టర్ గారూ, ఇక కాంపౌండ్ సంగతికి వస్తాను.

1866లో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాడు, 1867 జనవరి 1న 8 మందితో క్రైస్తవ సంఘం మొదలైంది. అంతకుముందే, 1854లో, అదే మిషన్‌కు చెందిన జ్యూయెట్ దొర దంపతులు కొండమీద ప్రార్థన చేశారన్న కథ ఒంగోలులో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఇవన్నీ దొరల ఉత్తరాల్లో, నివేదికల్లో ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టుల పాత కాగితాలు అట్లాంటాలో భద్రంగా ఉన్నాయి. వాటి గురించి నాకు బెంగ లేదు.

నా బెంగ ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ళ గురించి. పేరయ్యది కనిగిరి వైపు ఊరు, మాదిగ కులం. తోళ్ళ బేరం మీద ఏలూరు దిక్కుకు వెళ్ళినప్పుడు క్రైస్తవం మాట మొదట చెవిన పడిందని చెబుతారు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు, తర్వాత ఊరూరా తిరిగి వందలమందిని తెచ్చాడు. అంటే ఒంగోలు మిషన్ కథకు మొదట్లోనే పశువు ఉంది. బతికున్న పశువు ఆసామిది, చచ్చిన పశువు మాదిగది. ఆ తోలుతోనే చెప్పులు, ఆ తోలుతోనే మోటబావికి బొక్కెన, పలుపులు, డప్పు. ఊరి సేద్యం మొత్తం ఆ చేతుల మీదుగా నడిచేది.

అలాంటి చోట క్లౌ దొర చేరినవాళ్ళకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి ఇవి మతం నియమాల్లాగే ఉంటాయి. కోతలప్పుడు, నీళ్ళు తోడాల్సిన రోజున, బొక్కెన చిరిగిన ఆదివారం ఏం జరిగిందో ఊహించుకోండి. ఊళ్ళలో గొడవలు అయ్యాయి. పని ఆపేశారు, బావి దగ్గరికి రానివ్వలేదు. ఈ గొడవను దొర తన వైపు నుంచి రాసుకున్నాడు. మాదిగవాడలో దీన్ని ఎలా చెప్పుకున్నారు? ఆసాముల ఇళ్ళలో ఎలా చెప్పుకున్నారు? రెండో ప్రశ్న కూడా అడగాలని నా పట్టుదల. వాళ్ళ ముసలమ్మలకూ ఆ కథ గుర్తుంది, వేరేగా గుర్తుంది.

1876-78 ధాతు కరువులో పశువులూ, మనుషులూ కూడా రాలిపోయారు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ ముక్క తవ్వించే కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. మిషన్ బోధకులే మేస్త్రీలు. మిగతా పనిచోట్ల తిట్లూ దెబ్బలూ తిన్న కూలీలకు ఇక్కడ కూలి సరిగ్గా అందిందన్న మాట వాడల్లో నిలిచిపోయింది. కరువు పని నడుస్తున్నన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిశాక, 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో మూడు రోజుల్లో 3,536 మంది మునిగి లేచారు. అందులో జూలై 3 ఒక్కరోజే 2,222 మంది. ముంచింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. "తిండి కోసం మతం మారారు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళూ, "ఆత్మ దిగివచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళూ మనకు చాలామంది ఉన్నారు. ఆ 2,222 మంది ఇళ్ళలో ఏం చెప్పుకున్నారో ఓపిగ్గా విన్నవాళ్ళు తక్కువ.

ఒకావిడ వింది. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. 1890ల్లో ఒంగోలులో ముసలి బోధకులను కూర్చోబెట్టి మాదిగల కథలు, వాళ్ళు కొలిచే మాతంగి కథ, పేరయ్య తిరిగిన యోగుల గురువుల సంగతులు అడిగి రాసుకుంది. 1899లో ఆ పుస్తకం అచ్చయింది. ఇప్పుడు దీన్ని నోటి చరిత్ర అంటున్నారు, యూనివర్సిటీల్లో కోర్సులున్నాయి. ఆ పేరు పుట్టకముందే ఒంగోలులో ఆ పని జరిగింది. కానీ పేరయ్య తరం తెలుగులో చెప్పింది మనకు ఇంగ్లీషులో మిగిలింది, దొరసాని వినదలచుకున్నంత మేరకే మిగిలింది. ఇప్పుడు మన జేబుల్లో ఉన్న ఫోను అప్పుడామె దగ్గర లేదు. మనకు ఆ సాకు కూడా లేదు.

ఎలా చేయాలన్నదానిపై నాకు తోచింది చెబుతాను. చరిత్ర, తెలుగు చదువుతున్న డిగ్రీ విద్యార్థులను ఇద్దరిద్దరిగా పంపండి. చొక్కాకు తగిలించే చిన్న మైకులు చాలు. వాళ్ళకు ముందు రెండు రోజుల శిక్షణ కావాలి, మైకు గురించి కాదు, అడగడం గురించి. "ఆ రోజుల గురించి చెప్పండి తాతా" అంటే ఎవరైనా "ఏముంది నాయనా, అంతా కష్టమే" అని ఊరుకుంటారు. జీతం గింజలెన్ని, ఏ నెలలో కొలిచేవారు, రాత్రి పశువు ఈనితే ఎవర్ని లేపేవారు, జున్నుపాలు మీ ఇంటికి వచ్చేవా, క్రిస్మస్ నాడు సెలవిచ్చేవారా, కాంపౌండ్‌లో చదివిన పిల్లను ఊళ్ళోవాళ్ళు ఏమని పిలిచేవాళ్ళు అని అడగాలి. ఆడవాళ్ళను తప్పకుండా అడగాలి. కుడితి కలిపింది, పేడ ఎత్తింది, దూడ చావబోతే నోట్లో గంజి పోసింది వాళ్ళు. పందెం కబుర్లు చెప్పడానికి మగవాళ్ళు ఎలాగూ ముందుకొస్తారు.

అచ్చుబోసిన ఆంబోతుల సంగతి కూడా అడిగించండి. ఇంటి పెద్ద పోతే మేలైన కోడెను ఎంచి, ముద్ర వేసి దేవుడి పేర వదిలేసేవాళ్ళు. అది ఎవరి చేలో మేసినా ఎవరూ కొట్టేవాళ్ళు కాదు. ఊరి మందకంతా అదే తండ్రి. ఒంగోలు జాతి ఇన్నేళ్ళు చెడకుండా నిలవడానికి ఆ ఆచారం ఒక పెద్ద కారణమని పశువుల డాక్టర్లే రాశారు. చదలవాడ పశుక్షేత్రంలో, గుంటూరు లాం ఫారంలో జాతిని కాపాడే పని జరుగుతోంది, సంతోషం. అయితే వీర్యం గడ్డకట్టించి దాచొచ్చు గానీ, ఏ కోడెను ఎందుకు ఎంచాలో తెలిసిన కన్నును దాచే ఏర్పాటు ఆ ఫారాల్లో లేదు.

కులం సంగతులు, అప్పు సంగతులు, కొట్టిన సంగతులు బయటికొస్తాయి. ఆసామి కుటుంబాలు ఇప్పటికీ అదే ఊళ్ళో ఉంటాయి. అందుకని చెప్పినవాళ్ళు "నేను పోయాక వినిపించండి" అంటే అలాగే దాచాలి, పేరు వద్దంటే తీసేయాలి. ఒక కాపీ ఇంటివాళ్ళకు ఇవ్వాలి, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఎవరైనా వెళ్ళి వినేట్టు ఉండాలి. దయచేసి వెనక మ్యూజిక్ పెట్టి రీల్స్ మాత్రం చేయించకండి. మాట తడబడితే తడబడనివ్వండి, మధ్యలో దగ్గు వస్తే రానివ్వండి.

చర్చి పెద్దల్లో కొందరికి ఇది నచ్చకపోవచ్చు, చచ్చిన పశువు మాట ఇప్పుడెందుకు అనొచ్చు. ఆ మాట మా ఇంట్లోనూ వచ్చింది. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది, "ఎందుకు నాన్నా అవన్నీ" అంది. ఆమె టెన్షన్ నాకు అర్థమైంది. చెప్పాలా వద్దా అన్నది చెప్పేవాళ్ళ ఇష్టం. అడిగేవాళ్ళే లేకపోతే ఆ ఇష్టం కూడా వాళ్ళకు ఉండదు.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కు వచ్చి ఇదే సంగతి అర్జీగా ఇస్తున్నాను. కరవది, వెల్లంపల్లి, ఇంకా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఒక జాబితా రాసుకున్నాను, అది అర్జీకి జతచేయను, ఈ పని చేసే మనిషి చేతికే ఇస్తాను. అర్జీ మీద ఏ శాఖకు పంపాలో మీ చేత్తోనే రాయండి. శాఖ ఏదైనా ఫరవాలేదు, మళ్ళీ తేల్చుకుని రమ్మనకుండా ఉంటే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
ఒంగోలు