విద్యాశాఖ మంత్రి గారికి సింగ్‌నగర్ నుంచి ఒక తల్లి బహిరంగ లేఖ: మా పిల్లల ఉత్తరాలకి అనుమతి ఇవ్వండి

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఒక మున్సిపల్ ప్రాథమిక బడిలో మా పాప ఐదో తరగతి చదువుతోంది. ఆ బడి యాజమాన్య కమిటీలో నేను సభ్యురాలిని. మా కమిటీ తీర్మానం చేసి పంపింది. హెచ్‌ఎం మేడం విడిగా రాశారు. తల్లిదండ్రులందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. సోమవారం అర్జీలు తీసుకునే చోటా ఇచ్చాం. వేటికీ కాగితం మీద జవాబు రాలేదు. ఫోన్‌కి మాత్రం మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైందని. ఏం పరిష్కారమైందని అడిగితే చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. మిమ్మల్ని నొప్పించాలని కాదు.

ఫైలు మీ శాఖలోనే ఉంది కాబట్టి సంగతంతా మొదటి నుంచీ చెప్పను. మా పిల్లలకీ, ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లోని ఒక చిన్న ప్రైమరీ బడి పిల్లలకీ మధ్య నడిచిన ఉత్తరాలని "పై నుంచి అనుమతి వచ్చేదాకా ఆపండి" అని నోటిమాటగా ఆపేశారు. అక్కడి పిల్లలు పంపిన పుస్తకాల పెట్టె బీరువాలో పెట్టి తాళం వేయించారు. ఏడాది దాటింది. అప్పటి నాలుగో తరగతి పిల్లలు ఇప్పుడు ఐదులో ఉన్నారు. ఏప్రిల్ ఆఖరుకి ఐదు కూడా అయిపోతుంది. జూన్‌లో ఎవరు ఏ హైస్కూల్లో చేరతారో తెలియదు. ఇంకా ఆలస్యమైతే ఆ అనుమతి అందుకోవడానికి ఆ పిల్లలే ఉండరు సార్.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా మీదకి వచ్చినప్పుడు బడి కింది గదులు మునిగాయి. మేం లైబ్రరీ అని చెప్పుకునే బీరువా కింది గదిలోనే ఉండేది. నీళ్లు దిగాక చూస్తే పుస్తకాలన్నీ ఉబ్బిపోయి ఒకదానికొకటి అంటుకుపోయాయి. తెరవబోతే పేజీ ఊడి చేతికొచ్చేది. మా ఆయన ఏలూరు రోడ్డు దగ్గర బైండింగ్ పని చేస్తారు. కొన్నయినా దక్కుతాయేమోనని తెచ్చి, విడదీసి, ఆరబెట్టి చూశారు. బురద వాసన పోలేదు, బూజు పట్టింది. పిల్లల చేతికివ్వడానికి భయమేసి పారేశాం. బళ్లకి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో ప్రాథమిక బడికి లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 5,000 రూపాయల దాకా అని ఉంది. బొమ్మల పుస్తకాల ధరలు మీకు తెలుసు. ఆ డబ్బుతో ఆ బీరువా ఎన్నాళ్లకి నిండుతుందో మీరే చెప్పండి.

మా వీధి అమ్మాయి ఒకావిడ యార్క్‌షైర్‌లో నర్సుగా పనిచేస్తోంది. అమ్మమ్మ వాళ్ల వీధిలో నీళ్లొచ్చాయని వాళ్ల అబ్బాయి బడిలో చెప్పాడట. అక్కడి టీచరు పిల్లలందరి చేతా ఉత్తరాలు రాయించి పంపారు. నీళ్లు మంచం దాకా వచ్చాయా, మీ పిల్లి ఏమైంది, ఇంటి మీదకెక్కి ఏం తిన్నారు, ఇవీ వాళ్ల ప్రశ్నలు. ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క పిల్లకి, పేరు పెట్టి. మన క్లాస్ టీచరు గారు జవాబులు రాయించారు. అక్కడి నుంచి అది నెలనెలా జరిగే పనైంది.

ఆ ఉత్తరాల వల్ల ఏం జరిగిందో ఇంట్లో చూసినదాన్ని కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మూడో తరగతిలో మా పాపని పాఠం చదవమంటే గడగడా చెప్పేసేది. వేలు ఒక లైను మీద ఉండేది, నోరు ఇంకో లైను చెబుతుండేది. క్లాసులో అందరూ కలిసి గట్టిగా చదువుతుంటే విని నేర్చుకున్న పాఠం అది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. రెండూ అలాగే నోటికి వచ్చేవి. పేజీ మూసి మధ్యలో ఒక మాట చూపిస్తే తెలిసేది కాదు. ఇది మా పాప ఒక్కదాని సంగతి కాదని మీకు తెలుసు. పల్లెల్లో పిల్లల చదువెలా ఉందో చూసే అసర్ సర్వే 2024 ప్రకారం దేశంలో ఐదో తరగతి చదివే పల్లెటూరి పిల్లల్లో సగం మంది కూడా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లా పిల్లవాడూ చదవగలగాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్‌లో రాసుకున్నాం. ఆ గడువు వచ్చేసింది కూడా.

ఉత్తరాన్ని అప్పచెప్పడం కుదరదు సార్. అంతకు ముందు దాన్ని ఎవరూ చదివి వినిపించలేదు. క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, పక్కవాణ్ణి చూసి చెప్పడానికీ లేదు. తన పేరుతో వచ్చింది కాబట్టి అందులో ఏముందో తెలుసుకోకుండా ఉండలేరు. మా పాప మొదటి ఉత్తరం చదవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. వాళ్ల కుక్కకి ఏం పేరు పెట్టారో తెలిసేదాకా అన్నానికి లేవలేదు. ఆ ఉత్తరం రాసిన పిల్ల చేతిరాత ఏమంత బాగోదు, అక్షరాలు అటూ ఇటూ ఉన్నాయి. మా పాప ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. రెండో ఉత్తరానికి అంతసేపు పట్టలేదు.

తెలుగు చదవడం కూడా దీంతోనే బాగుపడింది. ఇంగ్లీషు బడితో సంబంధం కదా, ఇంగ్లీషు ఒక్కటే వస్తుందని కొందరు పెద్దవాళ్లు అన్నారు. అలా కాలేదు. 2015 నుంచి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతున్నాయి, ఒకే కథ తెలుగులోనూ ఉంటుంది, ఇంగ్లీషులోనూ ఉంటుంది. రెండు బళ్లూ ఒకే కథ తీసుకునేవి. వాళ్లు ఇంగ్లీషులో చదివేవాళ్లు, మనవాళ్లు తెలుగులో గట్టిగా చదివి టీచరు గారి ఫోన్‌లో రికార్డు చేసి పంపేవాళ్లు. ఆ కథ తెలుగులో ఎలా వినిపిస్తుందో వినాలని అక్కడి పిల్లలే అడిగారు. రికార్డు చేయాలంటే తడబడకూడదు. మా ఇంట్లో పాప ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదివి, "అమ్మా, ఇది బాలేదు, ఇంకోసారి" అనేది. నేను అన్నం వండుతూ ఆ కథ మొత్తం వినేశాను. ఒక పిల్ల ఒకే పేజీని తనంతట తను పదిసార్లు చదవడం కోసమే కదా మీరు కోట్లు ఖర్చుపెట్టి శిక్షణలు ఇప్పిస్తున్నారు?

వీడియోలో కలవాలన్నా కుదిరేది. చలికాలంలో అక్కడ ఉదయం తొమ్మిదైతే మనకి మధ్యాహ్నం రెండున్నర. రెండు బళ్లూ నడుస్తున్న టైమే. ఒకసారి పది నిమిషాలు కలిశారు కూడా. పిల్లలు తమకి ఉత్తరం రాసిన మనిషిని వెతుక్కుని చేతులూపారు. ఆ తర్వాత ఆపమన్నారు.

ఆ సంక్రాంతి సెలవుల తర్వాత పెట్టె వచ్చింది. మీ లైబ్రరీ మునిగిపోయిందని రాశారుగా, మా ఇంట్లో పుస్తకాలు పంపుతున్నాం అని చీటీ ఉంది అందులో. పిల్లలు చదివేసిన బొమ్మల పుస్తకాలు. కొన్నింటి మొదటి పేజీలో, ఇచ్చిన పిల్ల తనకి ఆ కథ ఎందుకు నచ్చిందో రాసింది. పిల్లలు ఆ పెట్టె తెరవడం చూశారు. పుస్తకాలు ముట్టుకున్నారు. అప్పుడు పైనుంచి ఫోను వచ్చింది, విదేశీ విరాళం కిందకి వస్తుందేమో, అనుమతి కావాలి, అప్పటిదాకా పక్కన పెట్టండి, ఉత్తరాలు కూడా ఆపండి అని. వస్తుందేమో అన్నారు గానీ వస్తుందని ఎవరూ చెప్పలేదు. అది విదేశీ విరాళమే అయితే ఏ నిబంధన ప్రకారమో చెప్పండి, ఏ ఫారం నింపమంటే అది నింపుతాం. కాకపోతే కాదని రాసివ్వండి. పిల్లలు చదివేసిన బొమ్మల పుస్తకాల గురించి ఇంత పెద్ద ప్రభుత్వంలో ఒక్క అధికారి కూడా అవుననో కాదనో సంతకం పెట్టలేకపోవడం మాకు అర్థం కావడం లేదు.

అక్కడి నుంచి ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. వాళ్లకి ఇక్కడి సంగతి తెలియదు. టీచరు గారు ఒకసారి కొద్ది రోజులు ఆలస్యమవుతుందని రాశారట. ఆ కొద్ది రోజులు ఇంకా అయిపోలేదు. వచ్చిన ఉత్తరాలు కూడా పిల్లలకి ఇవ్వకూడదట. హెచ్‌ఎం మేడం ఆ పెట్టె పక్కనే పెడుతున్నారు. ఆవిడ తప్పేం లేదు, పిల్లల కంటే ఎక్కువ బాధ ఆవిడే పడుతున్నారు. కానీ తన పేరు రాసున్న కవరు బీరువాలో ఉందని తెలిసిన పిల్లకి మేం ఏం చెప్పాలి? మా పాప మొదట్లో రోజూ అడిగేది. తర్వాత అడగడం మానేసింది. ఇప్పుడు ఇంగ్లండ్ మాట ఎత్తితే, "వాళ్లు మర్చిపోయుంటారులే అమ్మా" అంటోంది. వాళ్లు మర్చిపోలేదు. మనమే జవాబు రాయనివ్వలేదు.

పిల్లల భద్రత గురించి అడిగారు. న్యాయమైన ప్రశ్న, మాకూ ఆడపిల్లలున్నారు. ఉత్తరాలు బడి నుంచి బడికే వెళ్తాయి. ఇంటి అడ్రసు ఉండదు, ఫోను నంబరు ఉండదు, ఇంటిపేరు కూడా రాయరు. టీచరు చదవకుండా ఏదీ వెళ్లదు, ఏదీ పిల్లల చేతికి రాదు. తల్లిదండ్రులందరం సమ్మతి సంతకాలు పెట్టాం. ఇవన్నీ అర్జీతోపాటు జతచేశాం. ఇంకేమన్నా జాగ్రత్త కావాలంటే చెప్పండి, పాటిస్తాం.

ఇది ప్రపంచంలో మేమొక్కళ్లమే మొదలుపెట్టిన పని కాదు. యునెస్కో వాళ్లు 1953 నుంచే దేశదేశాల బళ్లని కలిపే నెట్‌వర్క్ నడుపుతున్నారు. ఐరోపాలో 2005 నుంచి ఈట్విన్నింగ్ అని టీచర్లు తమ క్లాసుని ఇంకో దేశంలోని క్లాసుతో జత చేసుకుంటున్నారు. అక్కడ అది టీచరు చేసుకునే పని, మంత్రి దాకా వెళ్లే ఫైలు కాదు. మా టీచరు గారు ఇంకో సంగతి చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నాశనమయ్యాక, యెల్లా లెప్‌మన్ అనే ఆవిడ మా పిల్లలకి పుస్తకాలు పంపండని ఎన్నో దేశాలకి ఉత్తరాలు రాశారట. నిన్నటిదాకా ఆ జర్మనీతో యుద్ధం చేసిన దేశాలే పంపాయి. 1946లో మ్యూనిక్‌లో వాటితో ప్రదర్శన పెట్టారు, 1949లో అవి అంతర్జాతీయ బాలల గ్రంథాలయం అయ్యాయి. శత్రు దేశాల నుంచి వచ్చిన పుస్తకాలు అక్కడి పిల్లల చేతికి చేరాయి. స్నేహంగా వచ్చినవి సింగ్‌నగర్ పిల్లల చేతికి చేరడం లేదు.

అంత దూరం ఎందుకు సార్. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది ఈ బెజవాడలోనే. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ మీద ఊళ్లకి పంపించారు. మనిషి దగ్గరికి పుస్తకం వెళ్లడం అనేది ఈ నేలకి కొత్తగా నేర్పాల్సిన విషయం కాదు. కాలిఫోర్నియాలోని మోడెస్టో నగరం విజయవాడకి సిస్టర్ సిటీ అని కార్పొరేషన్‌లో అందరికీ తెలుసు. అక్కడా మన లాగే కాలువల కింద వ్యవసాయమే. ఆ ఊరి బళ్లకీ మన బళ్లకీ మధ్య ఉత్తరాలు ఎందుకు నడవకూడదు? టైము తేడా ఎక్కువ, వీడియో కుదరదు, నిజమే. ఉత్తరానికి టైముతో పనేముంది?

మొన్న డిసెంబరులో మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) రోజున ఒక పెద్ద అధికారి మా బడికి వచ్చారు. పిల్లలే లేచి అడిగారు, మా ఉత్తరాలు ఎప్పుడిస్తారని. వారంలో ఇప్పిస్తానని మైకులో చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ వారం ఎప్పుడో దాటిపోయింది. పెద్దవాళ్లకి ఇచ్చిన మాట తప్పినా ఏదో సర్దుకుంటాం. తొమ్మిదీ పదేళ్ల పిల్లలకి మైకులో ఇచ్చిన మాట అది. మీరు ఆ మాట నిలబెట్టించండి.

మేం డబ్బు అడగడం లేదు. కొత్త గది, కంప్యూటర్లు అడగడం లేదు. ఆ పెట్టె తెరవమని కాగితం ఇవ్వండి. ఆగిపోయిన ఉత్తరాలు పిల్లలకి ఇవ్వమని కాగితం ఇవ్వండి. జవాబు రాసుకోవచ్చని అదే కాగితంలో ఒక వాక్యం చేర్చండి. రాష్ట్రంలో ఇంకే ప్రాథమిక బడి అయినా ఇలా వేరే దేశం బడితో కలిసి చదువుకోవాలంటే ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల్లో చెప్పాలి అని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఇవ్వడం కుదరదంటే, ఎందుకు కుదరదో అయినా రాతలో ఇవ్వండి, మేం పిల్లలకి చదివి వినిపిస్తాం. ఏదో ఒకటి ఇవ్వండి సార్, దయచేసి.

ఏప్రిల్ 2 అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం. ఆ లోపు ఇస్తే పిల్లలు బడి వదిలే ముందు కనీసం ఒక్కసారి జవాబు రాయగలుగుతారు. సెలవులిచ్చాక ఇస్తే, ఏ పిల్ల ఏ ఊరు వెళ్లిందో వెతికి ఉత్తరాలు ఇంటింటికీ ఇచ్చే పని కూడా మా కమిటీయే చేస్తుంది. కానీ అంతదాకా రానివ్వొద్దని వేడుకుంటున్నాను. ఫైలు నంబరు, జతచేసిన కాగితాల నకళ్లు మా హెచ్‌ఎం మేడం దగ్గర ఉన్నాయి. మీ పేషీ నుంచి ఎవరు ఎప్పుడు అడిగినా తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
ఒక తల్లి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు
సింగ్‌నగర్, విజయవాడ