చైన్‌సా నూనె పాళ్లు

సంపాదకులకు నమస్కారం.

చైన్‌సా (మోటారుతో నడిచే గొలుసు రంపం) పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపేటప్పుడు 'నాలుగు చుక్కలు ఎక్కువైతే మేలే' అన్న నమ్మకం ఇంకా పోలేదు. ఈ ఇంజన్‌కు విడిగా ఆయిల్ సంపు (నూనె నిలిచే తొట్టె) ఉండదు కనుక, పిస్టన్‌కూ బేరింగులకూ అందే కందెన ఇంధనంలో కలిసిన ఆ కాస్త నూనే. తయారీదారు 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె, 25:1 అంటే 40. మూతతో ఉజ్జాయింపుగా పోయకుండా కొలపాత్రతో కొలవాలి. తగ్గితే పిస్టన్ గీతలు పడి సిలిండర్‌కు పట్టేస్తుంది. పెరిగితే పొగ, స్పార్క్ ప్లగ్గు మొనపై నల్లటి జిడ్డుమసి. పడవ మోటార్ల టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ నీటితో చల్లబడే ఇంజన్లది. గాలితో చల్లబడే రంపానికి జాసో ఎఫ్‌డీ (జపాన్ ప్రమాణాల గ్రేడు) రకం నూనె తగినది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కనుక, నెల దాటిన మిశ్రమాన్ని, రంగు బాగానే ఉన్నా సరే, నేను వాడను.

ఇట్లు,
ఒక పాఠకుడు