మోటార్‌హోమ్ కిటికీ పగిలిన రాత్రి మాకు తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

మేం వాళ్ళను చూసి మూడు వారాలైంది. ఇంటికి చేరాక, కిటికీ బాగయ్యాక, మనసు కుదుటపడ్డాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. ఆ రాత్రి మా పక్కన బండి ఆపుకున్న పెద్దాయనకు, ఆయన భార్యకు, టార్చిలైటుతో మాతో నడిచిన లారీ డ్రైవరు తమ్ముడికి, తర్వాత ఫోన్లో అంత ఓపిగ్గా మాట్లాడిన అక్కకు మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు. అడగకుండా పేర్లు రాయడం బాగుండదని రాయడం లేదు.

మాది పడుకోవడానికి వీలుగా లోపల ఇల్లులా అమర్చిన బండి, మోటార్‌హోమ్ అంటారు. ఆ సాయంత్రం అందులో మంచం పక్కన ఉన్న పెద్ద కిటికీని నేను పూర్తిగా మూయలేదు. ఆ కిటికీ గడియకు రెండు మెట్లు ఉంటాయి. ఒకటి గట్టిగా బిగించడానికి, ఇంకొకటి వేలెడు సందు వదలడానికి. రెండోది బండి ఆగి ఉన్నప్పుడు గాలి ఆడడానికి మాత్రమే. దాన్ని అలాగే వదిలేసి బయల్దేరాను. చెట్ల మధ్య ఉన్నంతసేపు ఏమీ కాలేదు. చెట్లు దాటి ఖాళీ మైదానంలోకి రాగానే బండి కుడివైపు నుంచి ఒక్కసారిగా గాలి కొట్టింది, ఎడమవైపు కిటికీ పైకి లేచిపోయింది. కిటికీని తెరిచి పట్టి ఉంచే పక్క కడ్డీ ఒకటి ఊడింది. కిటికీ తిరిగి వచ్చి గోడకు కొట్టుకుని ఫట్‌మని పగిలింది. లోపల మా ఆరేళ్ళ పాప నిద్రపోతోంది. పాపకు ఏమీ కాలేదని తెలిసేదాకా ఆ టెన్షన్ ఎలాంటిదో మాటల్లో చెప్పలేను.

నెమ్మదిగా నడుపుకుంటూ కొద్ది దూరంలో బళ్ళు ఆపుకునే చోటుకు చేరాం. చీకటి పడుతోంది, వాన మబ్బు పట్టి ఉంది. అక్కడ మా బండి లాంటిదే ఇంకొకటి ఉంది. పెద్దాయన దిగి వచ్చారు. కిటికీ వైపు చూసి ముందు అడిగిన మాట, "బాబూ, ఊడిన ముక్క వెనక వచ్చేవాళ్ళెవరికైనా తగిలిందా?" అని. ఆ ఆలోచన నాకు రాలేదు. వెనక ఎవరూ లేరు, అద్దంలో చూశానని చెప్పాను. "అయితే ఆ ముక్కను వెతుకుదాం, అది చాలా అవసరం" అన్నారు. పగిలిన ముక్కతో ఏం పని అని నాకు అర్థం కాలేదు. అక్కడే నిలిపి ఉన్న లారీలోంచి ఆ తమ్ముడు పెద్ద టార్చి పట్టుకుని వచ్చాడు. ముగ్గురం రోడ్డు మీదికి ఎక్కకుండా, రక్షణ కడ్డీకి ఇవతలి గడ్డిలోంచే వెనక్కి నడిచాం. పావుగంట వెతికాక దొరికింది. అరచేతి కంటే కాస్త పెద్దది, కిటికీ కింది మూల.

ఆ మూల మీదే సన్నని అక్షరాలు చెక్కి ఉన్నాయి. తయారీదారు పేరు, కిటికీ రకం, వలయంలో ఇంగ్లీషు 'E' అక్షరం, దాని పక్కన అంకె. భద్రతా పరీక్షలో నెగ్గి ఆమోదం పొందిందని చెప్పే గుర్తు అది. ఆ అంకె ఆమోదం ఇచ్చిన దేశాన్ని చెబుతుంది, 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్. "కిటికీ మొత్తం పోయినా ఈ రాత ఉంటే సరిపోయేదాన్ని వెతకొచ్చు. బండి మోడల్ పేరు చెప్పి అడిగితే ఏదో ఒకటి అంటగడతారు. ఒకే మోడల్లో ఏడాదికో కిటికీ మారుస్తారు" అన్నారు పెద్దాయన. ఆ రాతను ఫోటో తీయించి, ముక్కను కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు.

ఈలోపు పెద్దాయన భార్య, ఆ అమ్మగారు, మా ఆవిడతో కలిసి మంచం మీది ముక్కలు ఏరేశారు. బండి ముందు అద్దంలా ఇది గాజు కాదు, యాక్రిలిక్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్. రెండు పలకలను మధ్యలో కాస్త గాలి ఉండేలా అంచుల దగ్గర అతికిస్తారు. గాజులో సగం కూడా బరువుండదు, చలినీ వేడినీ ఆపుతుంది. అందుకే ఇలాంటి బళ్ళలో పడుకునే భాగానికి ఎక్కువగా ఇదే వాడతారు. పగిలితే పొడిపొడి కాదు కానీ అంచులు కత్తిలా ఉంటాయి. అమ్మగారు ముందు చేతులకు మందపాటి తొడుగులు వేయించారు. పాప దుప్పటిని దులపొద్దన్నారు, నాలుగు మూలలూ లోపలికి మడిచి అలాగే సంచిలో పెట్టించారు.

ఆ తర్వాత నేను చేయబోయిన రెండు తప్పులను ఆ దంపతులు ఆపారు. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మొదటిది. కిటికీలో మిగిలిన భాగం మీద టేపు అంటించాలని, మురికి వదలడానికి స్పిరిట్ సీసా తీశాను. అమ్మగారు నా చేయి పట్టుకుని ఆపారు. స్పిరిట్‌లో ఉండే ఆల్కహాల్ తగిలితే యాక్రిలిక్ మీద, ముఖ్యంగా ఒత్తిడి పడే చోట, సాలెగూడు లాంటి సన్నని పగుళ్ళు వస్తాయట. గాజు తుడిచే అమ్మోనియా ద్రవాలతోనూ అదే ముప్పు. నీళ్ళు, రెండు చుక్కల సబ్బు, మెత్తని గుడ్డ చాలు. పొడిగా రుద్దితే గీతలు పడతాయి. ఇంట్లో కిటికీలన్నీ స్పిరిట్‌తో తుడిచే అలవాటు మాది. బండిలో మిగతా నాలుగు కిటికీలకు కూడా ఏదో ఒక రోజు అదే చేసేవాడిని. అవి బాగున్నాయంటే మీ పుణ్యమే అమ్మగారూ.

రెండోది. ఊడిన ముక్కను సిలికాన్‌తో, అంటే సందులు పూడ్చే రబ్బరు లాంటి జిగురుతో, అతికించేద్దాం అన్నాను. పెద్దాయన వద్దన్నారు. సిలికాన్ యాక్రిలిక్‌ను గట్టిగా పట్టదు, పైగా వెనిగర్ వాసన వచ్చే రకం మంచిది కాదు. అసలు సంగతి ఇంకొకటి. వేడికి యాక్రిలిక్ గాజు కంటే ఎన్నో రెట్లు సాగుతుంది. మీటరు పొడవున్న పలక 30 డిగ్రీల తేడాకు రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది, అదే గాజైతే పావు మిల్లీమీటరు. కదలనివ్వకుండా బిగిస్తే ఇంకోచోట చీలుతుంది. "ఈ రాత్రికి అతికించే పని వద్దు. వాన నీళ్ళు గోడలోకి దిగకుండా చూసుకుంటే చాలు. కిటికీ వారంలో దొరుకుతుంది. గోడ లోపలి చెక్క నానిందంటే నెలల తరబడి బాధ" అన్నారు.

తన మంచం కింద నుంచి ఒక ప్లాస్టిక్ అట్ట తీశారు, లోపల గొట్టాలు గొట్టాలుగా ఉండే తేలికైన రకం. వాళ్ళు దాన్ని ఎండ తగలకుండా ముందు అద్దానికి అడ్డం పెట్టుకుంటారట. నేను వద్దంటున్నా వినకుండా మా కిటికీ కొలతకు కోసేశారు. ముందు గోడను గుడ్డతో పూర్తిగా ఆరబెట్టించారు. తడి మీద టేపు పట్టదు. టేపు వేసే వరుస కూడా చూపించారు. ముందు కింద, తర్వాత పక్కలు, ఆఖరున పైన, పెంకులు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు. పక్కల్లోనూ వెనకది ముందు, డ్రైవరు వైపుది తర్వాత, గాలి టేపు అంచు కిందికి దూరకుండా. వాన మొదలయ్యేసరికి పని అయిపోయింది. రాత్రంతా కురిసింది. పొద్దున్న చేత్తో తడిమి చూస్తే లోపల చుక్క తడి లేదు.

పొద్దున్న లేచి థాంక్స్ చెప్దామంటే వాళ్ళ బండి లేదు. తెల్లవారకముందే వెళ్ళిపోయారు. లారీ తమ్ముడు కూడా.

ఇక ఫోన్ అక్క గురించి. పాత మోటార్‌హోమ్‌లు విడదీసి భాగాలు అమ్మే చోట పని చేస్తారు. అంతకుముందు రెండు చోట్ల అడిగితే కొత్తది తెప్పించడానికి చాలా వారాలు పడుతుందన్నారు. ఈ అక్కకు ఆ మూల ఫోటో పంపాను. గంటలో తిరిగి ఫోన్ చేశారు. అచ్చం మా దానిలాంటి కిటికీ ఒకటి ఉందని చెప్పి, వెంటనే "కానీ మీకు అమ్మను" అన్నారు. టేపు పెట్టి కొలిస్తే వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువట, మూలల వంపు కూడా వేరట. అమ్మేస్తే నేను తీసుకునేవాడినే. రబ్బరు సీల్ అంచుకు చేరక ప్రతి వానకూ కారేది. నాలుగు రోజుల తర్వాత ప్రమాదంలో దెబ్బతిన్న ఒక బండి వాళ్ళ దగ్గరికి వస్తే, దాని కిటికీ మీద అదే రాత చూసి, నేను గుర్తు చేయకుండానే ఆవిడే ఫోన్ చేశారు. పక్క కడ్డీలు రెండూ కలిపి పంపారు.

బిగించేటప్పుడు కూడా ఫోన్లోనే ఉన్నారు. మా కిటికీ పై అంచు ఒక పొడవాటి పట్టాలోకి దూరి ఉంటుంది. కడ్డీలు విప్పి, కిటికీని దాదాపు అడ్డంగా పైకెత్తి, చివర ఆపు మరను తీసి పక్కకు జరిపితే బయటికొస్తుంది. కొత్తది కూడా అలాగే లోపలికి వెళ్ళాలి. సగం దూరి ఆగిపోయింది. బలం పెట్టబోతుంటే "ఆగండి తమ్ముడూ, పట్టాలో సబ్బునీళ్ళు పోయండి" అన్నారు. పోశాం. మా ఆవిడ ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకుంటే మెల్లగా జారి వెళ్ళి కూర్చుంది. గడియ పడిన చప్పుడు ఫోన్లో విని ఆవిడ కూడా నవ్వారు.

పగిలిన ఆ మూలను పారేయలేదు. డ్రైవరు సీటు పక్క అరలో ఉంచాను. మిగతా నాలుగు కిటికీల రాతలు కూడా ఫోటోలు తీసి పెట్టుకున్నాను. పాప ఇప్పుడు బండి కదిలే ముందు తనే అన్ని గడియలూ నొక్కి చూసి వస్తోంది.

పెద్దాయన గారూ, మీ నంబరు తీసుకోలేదు. మీ అట్టను కడిగి, ఆరబెట్టి జాగ్రత్తగా పెట్టాను. మా కిటికీకని కోసేశారు కాబట్టి మీ అద్దానికి సరిపోయే కొత్తది కూడా కొని దాంతో కలిపి ఉంచాను. రెండూ మా బండిలోనే ఉంటాయి. మీరు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఇచ్చేస్తాం.