తల్లిపాల బ్యాంకు మా దాకా ఎప్పుడొస్తుంది?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే జిల్లా పేజీలో తల్లిపాల వారోత్సవాల ఫోటోలు వరసగా పడతాయి, బ్యానర్ పట్టుకున్న నర్సింగ్ పిల్లలు, వాళ్ళ ముందు పెద్దసార్లు. అవి చూసినప్పుడల్లా మా చెల్లి కాన్పు గుర్తొస్తుంది, అందుకే రాస్తున్నా, పెద్దదైతే కత్తిరించుకోండి.

చెల్లికి ఏడో నెల దాటాక బీపీ బాగా పెరిగి ఆపరేషన్ చేసి బాబుని తీశారు. 1 కేజీ 200 గ్రాములు. మా వైపు ఒక టీచింగ్ హాస్పిటల్, పేరెందుకులెండి, వాణ్ణి బతికించింది అక్కడి డాక్టర్లే. కానీ చెల్లి ఐసీయూలో ఉంది, పాలు పడలేదు. వాడికి కావాల్సింది ఎంతనుకున్నారు, రెండు గంటలకోసారి 2 ఎంఎల్, సన్న పైపులోంచి సిరంజితో వదలాలి అంతే. మా అమ్మ ఇంటి నుంచి వెండి ఉగ్గుగిన్నె తెచ్చుకుని, సంచిలోంచి బయటికి తియ్యకుండానే ఆ వరండాలో కూర్చుంది పాపం. ఆ 2 ఎంఎల్ తల్లిపాలు బిల్డింగ్ మొత్తంలో దొరకలేదు, కింద వార్డులోనేమో పాలు గడ్డకట్టి నొప్పికి తట్టుకోలేక బాలింతలు బాత్రూంలో పిండి పారబోసుకుంటున్నారు. చివరికి బయట నుంచి డబ్బా పాలు తెమ్మంటే తెచ్చాం.

తర్వాత తెలిసింది నాకు, హైదరాబాద్ నీలోఫర్‌లో 2017 నుంచే ధాత్రి అని తల్లిపాల బ్యాంకు ఉందని, అంటే పాలు ఎక్కువున్న తల్లులు ఇచ్చినవి దాచి, పాలు దొరకని పిల్లలకి ఇచ్చే చోటు. ముంబై సయాన్ హాస్పిటల్లో అయితే 1989లోనే పెట్టారంట. పాలిచ్చే తల్లికి హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సిఫిలిస్ టెస్టులు చేస్తారు, పాలని 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, వెంటనే చల్లార్చి, మళ్ళీ టెస్ట్ చేసి మైనస్ 20 దగ్గర ఫ్రీజ్ చేస్తారు. నెల తక్కువ పిల్లలకి డబ్బా పాలతో పేగులు దెబ్బతినే ఎన్ఈసీ అనే జబ్బు ముప్పు ఎక్కువ, అందుకే సొంత తల్లి పాలు లేకపోతే వేరే తల్లి పాలే మేలని డబ్ల్యూహెచ్ఓ కూడా చెప్తుంది.

చెల్లి వాళ్ళ అత్తగారు మాత్రం "ఎవరి పాలో ఏమో, మన పిల్లాడికెందుకు" అంది. అదే ఆవిడ, చిన్నప్పుడు తనకి పక్కింటి పెద్దమ్మ పాలిచ్చిందని చాలాసార్లు చెప్పింది!

మన తెలంగాణలో 2022లో ఒకేసారి 8 మెడికల్ కాలేజీలు, తర్వాతి ఏడాది 9 మొదలుపెట్టారు, సంతోషమే. కాలేజీ అంటే సీట్లు, బిల్డింగు ఒక్కటే కాదు కదండీ. కేంద్రం 2017లోనే గైడ్‌లైన్స్ ఇచ్చింది, పెద్ద హాస్పిటళ్ళలో పాల బ్యాంకుతో సహా పూర్తి స్థాయి సెంటర్, చిన్నవాటిలో కనీసం తల్లి సొంత పాలు పిండి దాచి ఆమె బిడ్డకే ఇచ్చే యూనిట్ ఉండాలని. ఈ రెండోదానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు, ఒక గది, పంపులు, ఫ్రిజ్, ఓపిగ్గా దగ్గరుండి చెప్పే కౌన్సిలర్ ఒకరు. మా చెల్లికి ఆ ఐసీయూ మంచం దగ్గరికే పంపు తెచ్చి మూడు గంటలకోసారి పిండించి ఉంటే పాలు పడేవేమో, ఎవరూ చెప్పలేదు, మాకూ తెలీదు. మిషన్ కొని కౌన్సిలర్ని వెయ్యకపోతే మాత్రం అది కవర్ కప్పుకుని మూలన పడుంటుంది, అలాంటివి చాలా చూశాం.

బాబుకి ఇప్పుడు రెండేళ్ళు, ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. మీ విలేకరులు ఈసారి వారోత్సవాల ఫోటోతో పాటు, ఏ జిల్లా కాలేజీ హాస్పిటల్లో ఈ యూనిట్ ఉందో, ఎక్కడ లేదో, ఉన్నచోట రాత్రిళ్ళు తెరిచుంటుందో లేదో కూడా కనుక్కుని రాయండి ప్లీజ్.

ఇట్లు,
ఒక పెద్దమ్మ